చిన్న దూరాలకు ఏది మేలు: ప్రొపెల్లరా, జెట్టా?

కిటికీలోంచి ప్రొపెల్లర్ కనిపించగానే కొందరు ప్రయాణికుల ముఖం మారిపోతుంది. పాత విమానం ఎక్కించారని నొచ్చుకుంటారు. టర్బోప్రాప్ అని పిలిచే ఆ ప్రొపెల్లర్ విమానం కిందటేడాది తయారైనదే కావచ్చు, పక్కన నిలబడిన యాభై సీట్ల జెట్టుకు ఇరవై ఏళ్లు నిండి ఉండవచ్చు. అయినా మనసు జెట్టు వైపే లాగుతుంది. ప్రాంతీయ విమాన సంస్థలు టర్బోప్రాప్‌లను వదిలి చిన్న జెట్లకు మారడంలో ఇంజనీర్ల లెక్కలకు ఎంత పాత్ర ఉందో ఈ నొచ్చుకోవడానికీ అంతే ఉందని నా అనుమానం.

రెండింటి లోపలా ఉన్నది గ్యాస్ టర్బైనే, అంటే ఇంధనం మండిన వేడి వాయువులతో తిరిగే యంత్రమే. ఎంబ్రాయర్ 145 జెట్టును నడిపే ఏఈ 3007 ఇంజనూ, సాబ్ 2000 టర్బోప్రాప్‌ను నడిపే ఏఈ 2100 ఇంజనూ ఒకే కోర్ (ఇంధనం మండే నడిమి భాగం) చుట్టూ కట్టిన అన్నదమ్ములు. ఆ శక్తిని గాలి మీద ఎలా ఖర్చు పెడతారన్నదే తేడా. ప్రొపెల్లర్ బోలెడంత గాలిని నెమ్మదిగా వెనక్కి తోస్తుంది, జెట్ కొంచెం గాలిని జోరుగా తోస్తుంది. తక్కువ వేగాల్లో మొదటి పద్ధతికే ఇంధనం ఆదా. వేగం పెరిగేకొద్దీ ప్రొపెల్లర్ రెక్కల కొసలు ధ్వని వేగానికి దగ్గరై, శక్తి వృథా కావడం మొదలవుతుంది. అందుకే ఏటీఆర్ 72 అనే టర్బోప్రాప్ గంటకు సుమారు 500 కిలోమీటర్ల దగ్గర కుదురుగా ఉంటుంది. మరో టర్బోప్రాప్ డాష్ 8 క్యూ400 సుమారు 660 దాకా లాగుతుంది గానీ, ఆ తొందరకు తగిన మూల్యం ఇంధనంలో చెల్లిస్తుంది. యాభై సీట్ల జెట్లు 800 అటూ ఇటూగా పోతాయి.

ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడటానికి డోర్నియర్ 328 కన్నా మంచి ఉదాహరణ దొరకదు. ముప్పై చిల్లర సీట్ల ఆ విమానం 1990ల మొదట్లో ప్రొపెల్లర్లతో వచ్చింది. చిన్న జెట్ల మోజు ముదిరాక అదే శరీరానికి జెట్ ఇంజన్లు తగిలించి 1999లో 328 జెట్‌గా దించారు. వేగం పెరిగింది, పేరు మోగింది. తయారీ సంస్థ ఫెయిర్‌చైల్డ్ డోర్నియర్ మాత్రం 2002లో దివాలా తీసింది. ఇప్పుడు డాయిచె ఎయిర్‌క్రాఫ్ట్ అనే సంస్థ ఆ విమానాన్నే కాస్త పొడిగించి, నలభై సీట్లతో మళ్లీ తయారుచేసే పనిలో ఉంది. ఈసారి ఎంచుకున్నది ప్రొపెల్లర్లనే.

జెట్ వేగం మనకు నిజంగా ఎంత కలిసొస్తుంది? 300 కిలోమీటర్ల దూరం తీసుకుందాం. కాగితం మీద టర్బోప్రాప్‌కు 36 నిమిషాలు, జెట్టుకు 23. కానీ విమానం గాల్లోకి లేచీ లేవగానే పూర్తి వేగం అందుకోదు. చాలా దేశాల్లో పది వేల అడుగుల కింద 250 నాట్లు, అంటే గంటకు సుమారు 460 కిలోమీటర్లు దాటకూడదన్న నియమం ఉంది. పైకి లేచేటప్పుడూ కిందికి దిగేటప్పుడూ రెండూ ఒకే బండి వేగంతో పోతున్నట్టే. జెట్ తన వేగం అందుకున్న కాసేపటికే కిందికి దిగడం మొదలుపెట్టాలి. రన్‌వే దాకా నేల మీద పాకడం, వరుసలో వంతు కోసం ఆగడం ఇద్దరికీ సమానం. చివరికి మిగిలేది ఐదో, పదో నిమిషాలు. సామాను బెల్టు దగ్గర నిలబడితే అవీ కరిగిపోతాయి. ఆ నిమిషాల కోసం ఎక్కువ తాగే యంత్రాన్ని పెట్టుకోవడం నాకు మింగుడుపడదు. సమాన పరిమాణం గల ప్రాంతీయ జెట్ కన్నా తమ విమానం 45 శాతం దాకా తక్కువ ఇంధనం వాడుతుందని తయారీ సంస్థ ఏటీఆర్ చెప్పుకుంటుంది. అమ్ముకునేవాడి లెక్క కాబట్టి కొంత తరుగు తీసినా, తేడా పెద్దదే.

అదే 800 కిలోమీటర్లయితే మాట మారుతుంది. అక్కడ తేడా అరగంట దాటుతుంది. రోజుకు నాలుగు విడతలు తిరిగే విమానానికి రెండు గంటలు మిగిలినట్టు, అంటే ఇంకో ప్రయాణం అమ్ముకోవచ్చు. పైగా టర్బోప్రాప్ సాధారణంగా 25,000 అడుగులకు మించి ఎక్కదు. మబ్బుల కుదుపుల్లోనే ఈదాలి. జెట్ ముప్పై అయిదు వేలు దాటి, చాలా వాతావరణాన్ని కింద వదిలేస్తుంది. దూరం చాలినంత ఉంటేనే ఆ ఎత్తు అక్కరకొస్తుందని మరవకూడదు.

ఇంత తేటగా ఉన్న లెక్క 1990లలో ఎందుకు తలకిందులైంది? కెనడాలో తయారైన యాభై సీట్ల జెట్ సీఆర్‌జే 1992లో లుఫ్తాన్సా సిటీలైన్‌తోనూ, మరుసటి ఏడాది అమెరికాలో కామెయిర్‌తోనూ సేవలోకి వచ్చింది. ఆ దశాబ్దం చివరికి ముడి చమురు పీపా పది పన్నెండు డాలర్లకు పడిపోయింది. ఇంధనం నీళ్ల ధరకు దొరుకుతున్నప్పుడు పొదుపు గురించి ఎవరు వింటారు? దానికి తోడు, పెద్ద విమాన సంస్థలు తమ పైలట్ల సంఘాలతో చేసుకున్న ఒప్పందాల ప్రకారం, అనుబంధ ప్రాంతీయ సంస్థలు ఎన్ని సీట్ల జెట్లు నడపవచ్చో పరిమితి ఉండేది. చాలాచోట్ల ఆ గీత యాభై దగ్గర పడింది. మార్కెట్ కోరిన సంఖ్య అది కాదు, ఒప్పందం గీసిన సంఖ్య. సాబ్ 2000 లాంటి వేగవంతమైన టర్బోప్రాప్ ఆ గాలివానలో కొట్టుకుపోయింది. 63 విమానాలతో 1999లో దాని తయారీ ఆగిపోయింది.

2008 జులైలో పీపా 147 డాలర్లు తాకేసరికి యాభై సీట్ల జెట్ గుదిబండగా మారింది. రెండు జెట్ ఇంజన్ల ఖర్చును పంచుకోవడానికి యాభై టికెట్లు చాలవు. అమెరికా విమాన సంస్థ ఇండిపెండెన్స్ ఎయిర్ అయితే అంతదాకా కూడా ఆగలేదు. సీఆర్‌జేలతో చౌక టికెట్లు అమ్మాలని 2004లో వాషింగ్టన్ నుంచి మొదలుపెట్టి, 2006 జనవరిలో మూతపడింది.

ప్రొపెల్లర్ భయానికి మరో కారణం మంచు. 1994 అక్టోబరు 31న అమెరికాలోని రోజ్‌లాన్ దగ్గర ఏటీఆర్ 72 కూలి 68 మంది చనిపోయారు. రెక్క అంచున మంచును విరగ్గొట్టే రబ్బరు పట్టీల వెనక, వాటికి అందని చోట మంచు గట్టుకట్టి, విమానాన్ని అదుపు తప్పించింది. ఆ తర్వాత పట్టీలను వెడల్పు చేశారు. అలాంటి విమానాలను, దాన్ని నడిపిన విమాన సంస్థ వెచ్చని ప్రాంతాలకు తరలించింది. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కానీ మంచుకు జెట్ అంటే గౌరవమేమీ లేదు. తొలి సీఆర్‌జేల రెక్కకు ముందు అంచున కదిలే పలకలుండవు, పలచని మంచు పొర కూడా దానికి ప్రమాదమే. 2004 నవంబరులో చైనాలోని బావోటౌలో సీఆర్‌జే 200 టేకాఫ్ అయిన వెంటనే కూలడానికి రెక్క మీది మంచునే దర్యాప్తులో కారణంగా చూపారు.

సుఖం సంగతి త్వరగా ముగిద్దాం. టర్బోప్రాప్‌లో రొద, అదురు ఎక్కువే. ప్రొపెల్లర్లకు సూటిగా ఉన్న వరుసలు వదిలి వెనక కూర్చుంటే చాలావరకు తగ్గుతుంది. ఇంజన్లు తోక దగ్గరుండే జెట్లలో దీనికి తిరగేసి, ముందు కూర్చోవాలి. తల వంచి నడవాల్సిన ఇరుకు గొట్టం లాంటి ఎంబ్రాయర్ 145 కన్నా ఏటీఆర్ లోపల నాకు ఊపిరాడుతుంది.

జెట్ న్యాయంగా గెలిచిన చోటు ఒకటుంది. అమెరికాలోని హొరైజన్ ఎయిర్ 76 సీట్ల క్యూ400లను 2023 జనవరిలో సాగనంపి, అన్నే సీట్లున్న ఎంబ్రాయర్ 175లకు పూర్తిగా మారింది. రెండు రకాల విమానాలుంటే పైలట్లకు రెండు శిక్షణలు, రెండు విడిభాగాల గోదాములు. ఒకే రకం ఉంటే ఎవరినైనా ఎక్కడికైనా పంపవచ్చు. పైలట్ల కొరత ఉన్న కాలంలో అది ఇంధనం పొదుపును మించిన లాభమే. మార్గాల్లో ఎక్కువ భాగం గంటన్నర మించితే నేనూ అదే చేస్తాను. నలభై అయిదు నిమిషాల మార్గాలే బతుకుతెరువైన సంస్థ వారిని చూసి వాత పెట్టుకుంటే మాత్రం కష్టం.

రన్‌వే చిన్నదైన ఊళ్లకు ఈ ఎంపిక కూడా లేదు. ఏటీఆర్ 72కు 1,300 మీటర్లు సరిపోయే చోట సీఆర్‌జే 200 నిండు బరువుతో లేవడానికి 1,700 దాటాలి. పైగా యాభై సీట్ల జెట్లను ఇప్పుడెవరూ తయారుచేయడం లేదు. సీఆర్‌జే కార్యక్రమాన్ని మిత్సుబిషి 2020లో కొనుక్కుంది, కొత్త విమానాలు కట్టడానికి కాదు, ఉన్నవాటికి మరమ్మతులు చూసుకోవడానికి. ఆ పాత జెట్లు తుక్కుకు పోయిన రోజున చిన్న ఊరి ముందు మిగిలే ప్రశ్న ప్రొపెల్లరా జెట్టా అని కాదు, ప్రొపెల్లరా బస్సా అని.