ఎండు తోటకు అడవి బక్‌వీట్: ఏది మేలు?

"పచ్చిక తీసేసి నీళ్లు అడగని మొక్కలు వేద్దామనుకుంటున్నాం. అందరూ అడవి బక్‌వీట్ అంటున్నారు. నర్సరీలో చూస్తే ఆ పేరుతోనే నాలుగైదు రకాలున్నాయి. ఏది తెచ్చుకోమంటారు?"

ఈ ప్రశ్న ఈ మధ్య నన్ను ముగ్గురు అడిగారు. ఒకరు దక్షిణ కాలిఫోర్నియాలోని ఇర్వైన్‌లో, ఒకరు అదే రాష్ట్రంలో నేనుండే శాన్ హోసేలో, ఒకరు కొలరాడో రాష్ట్రంలోని డెన్వర్‌లో ఉంటారు. ముగ్గురికీ మూడు వేర్వేరు మొక్కలు చెప్పాను. ఎందుకలా చెప్పానో వివరంగా రాస్తే ఇంకొందరికి పనికొస్తుందనిపించింది.

ముందు పేరు సంగతి. ఉత్తరాదివారు నవరాత్రి ఉపవాసాలలో తినే కుట్టు పిండి వచ్చే మొక్కనూ ఇంగ్లీషులో బక్‌వీట్ అనే అంటారు, కానీ ఇది అది కాదు. రెండూ ఒకే కుటుంబానికి చెందినవి, అంతే. మన చుక్కకూరదీ ఆ కుటుంబమే. దీని శాస్త్రీయ నామం ఎరియోగోనమ్. గ్రీకులో ఉన్ని, మోకాలు అనే రెండు మాటలు కలిసి ఆ పేరు పుట్టింది. ఉత్తర అమెరికా ఖండంలో తప్ప మరెక్కడా సహజంగా పెరగని ఈ మొక్కల్లో సుమారు 250 జాతులున్నాయి. ఎడారిలో, సముద్రపు ఒడ్డు కొండచరియల మీద, మంచు పడే పర్వతాల మీద, ఇలా ఒక్కో చోటికి ఒక్కో జాతి. ఏది మేలన్న ప్రశ్నకు ఒకే జవాబు లేకపోవడానికి కారణం ఇదే.

చాలామంది "ఏది తక్కువ నీళ్లతో బతుకుతుంది?" అనే దగ్గర పోలిక మొదలుపెడతారు. నర్సరీలో దొరికే రకాలన్నీ, తమకు సరిపడే చోట వేరు పట్టాక, నెలకొకసారి నీళ్లతోనో అసలు నీళ్లే లేకుండానో వేసవి గడిపేస్తాయి. కాబట్టి నీటి విషయంలో వీటి మధ్య ఎంచడానికి పెద్దగా ఏమీ లేదు. అసలు తెలుసుకోవలసింది నీళ్లు ఎంత అని కాదు, ఎప్పుడు అని.

అనంతపురంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. శాన్ హోసేలో పడేది 400 లోపే. లెక్క ప్రకారం మేముండేది అనంతపురం కంటే ఎండు ప్రాంతం. కానీ అక్కడ వాన నేల వెచ్చగా ఉన్న కాలంలో వస్తుంది. ఇక్కడ నవంబరు నుంచి ఏప్రిల్ వరకు, చలిలో వస్తుంది. మే నుంచి అక్టోబరు దాకా ఆకాశం నుంచి దాదాపు ఏమీ రాలదు. కాలిఫోర్నియా బక్‌వీట్లు ఆ లయకు అలవాటుపడినవి. చలికాలపు తడిని తాగి, వేసవిలో వేళ్లకు విశ్రాంతినిచ్చి పూస్తాయి. వెచ్చని నేలలో తడి నిలిస్తే మాత్రం వేరుకుళ్లు పట్టుకుంటుంది.

ఇది నేను నష్టపోయి తెలుసుకున్నాను. ఒక వేసవిలో నాన్నగారు మా ఇంటికి వచ్చారు. ముందు గుమ్మం పక్కన మూడేళ్ల పొద, దాని చుట్టూ పగుళ్లు విచ్చిన నేల చూసి ఆయన మనసు ఊరుకోలేదు. మొక్క చుట్టూ చక్కగా పాదు చేసి, రోజూ సాయంత్రం ఒక బిందెడు నీళ్లు పోశారు. జీవితమంతా అలాగే ఎన్నో చెట్లను బతికించిన మనిషి. ఆరు వారాలకు పొద ఒక పక్క నుంచి బూడిద రంగుకు తిరిగింది. అది చూసి ఆయన ఇంకో బిందె ఎక్కువ పోశారు. సెప్టెంబరుకల్లా అది పోయింది. తప్పు ఆయనది కాదు, ముందే చెప్పని నాది. మన చేతికి అలవాటైన ప్రేమ ఈ మొక్కకు సరిపడదు. దీనికి పాదు చేయకూడదు. మొదలు చుట్టూ మట్టి కాస్త ఎత్తుగా, దిబ్బలా ఉండాలి. డ్రిప్పు గొట్టం మొదలును తాకకూడదు.

ఇక రకాల దగ్గరకు వద్దాం.

మొదటిది కాలిఫోర్నియా బక్‌వీట్, ఎరియోగోనమ్ ఫాసిక్యులాటమ్. మధ్య కాలిఫోర్నియా నుంచి మెక్సికోలోని బాహా కాలిఫోర్నియా దాకా కొండల మీద గుంపులు గుంపులుగా కనిపించే పొద ఇదే. రెండు మూడు అడుగుల ఎత్తు, సన్నని చిన్న ఆకులు. వసంతం చివర తెల్లగా పూయడం మొదలుపెట్టి, లేత గులాబీకి మారి, శరదృతువుకల్లా పూలగుత్తులన్నీ తుప్పు రంగుకు తిరుగుతాయి. చూడగానే కళ్లు చెదిరే అందం కాదు. కానీ పూత కాలంలో దాని పక్కన కాసేపు నిలబడితే తేనెటీగల రొద వినిపిస్తుంది. కాలిఫోర్నియాలో తేనె పట్టేవారు ఎంతో విలువిచ్చే మొక్క ఇది, దీని తేనె ముదురు రంగులో ఉంటుంది. బంకమన్నును కూడా మిగతావాటికంటే బాగా ఓర్చుకుంటుంది. ఇక్కడి మన్ను వేసవిలో అచ్చం నల్లరేగడిలా నెర్రెలు విచ్చుతుంది కనుక ఈ గుణం చిన్నదేమీ కాదు. నేలను పరచుకుని పెరిగేది కావాలంటే ఇందులోనే వారినర్ లైటిల్ అనే ఎంపిక రకం ఉంది. అది ఎత్తు పెరగకుండా ఆరేడు అడుగుల వెడల్పున పాకుతుంది. పచ్చిక తీసేసిన ఖాళీని మూడు మొక్కలు నింపేస్తాయి.

రెండోది సెయింట్ కాథరీన్స్ లేస్, ఎరియోగోనమ్ జైగాంటియమ్. పేరులోనే ఉన్నట్టు ఇది పెద్దది. ఆరడుగులు దాటే ఎత్తు, దాదాపు అంతే వెడల్పు, వెండి పూత పూసినట్టుండే ఆకులు, పళ్లెమంత తెల్లటి పూలగుత్తులు. అందానికే మార్కులు వేస్తే నా మొదటి స్థానం దీనిదే. ఇది లాస్ ఏంజెలెస్ తీరానికి ఎదురుగా ఉన్న శాంటా కాటలీనా, శాన్ క్లెమెంటే, శాంటా బార్బరా దీవుల సొత్తు. ఇబ్బంది కూడా అక్కడే ఉంది. దీవుల్లో వేరుగా పెరిగిన ఈ జాతికి తోటి బక్‌వీట్లతో సంకరం చెందే గుణం ఉంది. శాంటా క్రజ్ దీవి బక్‌వీట్‌తో ఇది కలిసినప్పుడు పుట్టే మొక్కకు ప్రత్యేకంగా ఒక శాస్త్రీయ నామమే ఉంది. కొండ పక్కన ఇల్లున్నవారు దీన్ని నాటితే, దీని పుప్పొడి కొండ మీది అడవి బక్‌వీట్లకు చేరి వాటితో కలవదని ఎవరూ హామీ ఇవ్వలేరు.

శాంటా క్రజ్ దీవి బక్‌వీట్ దీనికంటే పొట్టిది, బెరడు ఎర్రగా పొరలు పొరలుగా ఊడుతుంది, చూపుకు ముచ్చటగా ఉంటుంది. దానికీ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది.

మూడోది రెడ్ బక్‌వీట్, ఎరియోగోనమ్ గ్రాండే రూబెసెన్స్. ఇదీ దీవులదే. అడుగు ఎత్తు, ముదురు గులాబీ పూలు. కుండీకి, దారి అంచుకు ఇంతకంటే బాగా నప్పేది లేదు. సముద్రపు చల్లగాలి తగిలే చోట ఎండలోనే హాయిగా ఉంటుంది, లోతట్టు ప్రాంతాల్లో మాత్రం మధ్యాహ్నం కాస్త నీడ కావాలి. ఆయుష్షు తక్కువ. నాలుగైదేళ్లకు కట్టెబారి చెదిరిపోతుంది. అయితే గింజ రాలి పిల్ల మొక్కలు తనంతట తానే లేపుకుంటుంది కనుక ఒకసారి వేసినవారికి మళ్లీ కొనే అవసరం అంతగా రాదు.

నాలుగోది సల్ఫర్ బక్‌వీట్, ఎరియోగోనమ్ అంబెలేటమ్. పర్వతాల మొక్క. గంధకం రంగులో పసుప్పచ్చగా పూస్తుంది, మంచు కింద కూడా బతుకుతుంది. అమెరికా పడమటి రాష్ట్రాల్లో ఎన్నో రూపాల్లో పెరుగుతుంది. డెన్వర్ మిత్రుడికి నేను ఆలోచించకుండా చెప్పింది ఇదే. కొలరాడో కొండల్లోనే సహజంగా ఉండే మొక్క, కన్నా క్రీక్ అనే రకం అక్కడిదే. దీవుల బక్‌వీట్లు అక్కడి చలికి ఒక్క శీతాకాలం కూడా నిలవవు.

ఇప్పటిదాకా చెప్పినది తోట కోసం. మిగిలిన ఇద్దరికీ సలహా చెప్పేటప్పుడు నా మనసులో ఉన్నది ఒక సీతాకోకచిలుక.

లాస్ ఏంజెలెస్ విమానాశ్రయానికి పడమర వైపు, రన్‌వేలకూ సముద్రానికీ మధ్య, ఇసుక దిబ్బలున్నాయి. ఎల్ సెగుండో బ్లూ అనే నీలి సీతాకోకచిలుక ఉండే అతి కొద్ది చోట్లలో అది ముఖ్యమైనది. బొటనవేలి గోరంత ప్రాణి. అది గుడ్లు పెట్టేది ఒకే ఒక మొక్క పూలగుత్తుల మీద. ఆ మొక్క సీక్లిఫ్ బక్‌వీట్, ఎరియోగోనమ్ పార్విఫోలియమ్. గొంగళి పురుగు తినేది ఆ పూలను, గింజలను. గొంగళి పురుగు సీతాకోకచిలుకగా మారే ప్యూపా దశలో ఉండేది ఆ మొక్క మొదట్లోని మట్టిలో. బతుకంతా ఆ ఒక్క పొద చుట్టూనే తిరుగుతుంది, ఆ పొద పూసే వారాల్లోనే రెక్కలొచ్చిన సీతాకోకచిలుకలు బయటికి వస్తాయి. 1976లో దీన్ని అమెరికా ప్రభుత్వం అంతరించిపోతున్న ప్రాణుల జాబితాలో చేర్చింది.

ఆ దశకంలోనే ఆ దిబ్బల ఇసుకను నిలబెట్టడానికి బక్‌వీట్ నాటారు. నాటింది కాలిఫోర్నియా బక్‌వీట్. అదీ ఈ రాష్ట్రపు మొక్కే, పేరూ బక్‌వీటే, కరవుకు తట్టుకుంటుంది కూడా. కాగితం మీద ఏ లోపమూ లేదు. కానీ అది సీక్లిఫ్ బక్‌వీట్ కంటే ముందే పూస్తుంది. బక్‌వీట్ పూలు తినే ఇతర పురుగులు ఆ ముందు పూత మీద పెరిగి, సీక్లిఫ్ పూసే వేళకు గుంపుగా దాని మీదికి మళ్లాయి. నీలి సీతాకోకచిలుక పిల్లలకు దక్కాల్సిన తిండికి పోటీ వచ్చింది. తర్వాత ఆ కొత్త పొదలను పీకించి, సీక్లిఫ్ బక్‌వీట్ నాటించాకే సీతాకోకచిలుకలు కోలుకున్నాయి.

ఇది చదివిన రోజు నుంచి "స్థానిక మొక్క" అనే మాటను నేను రాష్ట్రం పేరుతో కొలవడం మానేశాను. కాలిఫోర్నియా అంతా ఒక ఊరు కాదు. తంగేడు మనదే కదా అని ఎక్కడ పడితే అక్కడ నాటేస్తే అది స్థానికమైపోతుందా? అక్కడి నేలకు, అక్కడి పురుగుకు, అక్కడి పూత కాలానికి అది చెంది ఉండాలి. ఇంటి చిరునామా ఇస్తే ఆ చుట్టుపక్కల సహజంగా పెరిగే మొక్కలను చూపించే కాల్‌స్కేప్ అనే ఉచిత సమాచార నిధి ఉంది. దాన్ని కాలిఫోర్నియా స్థానిక మొక్కల సంఘం నడుపుతోంది. నర్సరీకి బయల్దేరే ముందు అయిదు నిమిషాలు అందులో వెతకమని అందరికీ చెబుతాను.

ఇర్వైన్ మిత్రురాలి ఇంటి వెనక కంచె దాటితే కొండే, ఆ కొండ మీద ఉన్నది కాలిఫోర్నియా బక్‌వీటే. ఆమెకు అందమైన జైగాంటియమ్ మీద మనసు పడింది. వద్దన్నాను. వీలైతే ఆ ప్రాంతపు విత్తనం నుంచి పెంచిన కాలిఫోర్నియా బక్‌వీట్‌నే వేయమన్నాను. ఇంటి గోడకు ఆనించి మాత్రం వద్దన్నాను, ఎండిన పూలగుత్తులు నిప్పురవ్వకు తేలిగ్గా అంటుకుంటాయి. గోడ నుంచి అయిదడుగుల మేర ఏ పొదా లేకుండా వదిలేయడం అగ్నిప్రమాదాల రాష్ట్రంలో తప్పనిసరి జాగ్రత్త.

శాన్ హోసే మిత్రుడిది నడి ఊళ్లో, నలువైపులా కాంక్రీటు మధ్య ఉన్న చిన్న పెరడు. కొండ మైళ్ల దూరంలో ఉంది. అక్కడ రెడ్ బక్‌వీట్ కుండీలో వేసుకున్నా, ఒక మూలలో జైగాంటియమ్ పెంచుకున్నా నాకు పెద్ద అభ్యంతరం లేదు. అయితే మా కొండల అసలు బిడ్డ ఇంకొకటి ఉంది. నేకెడ్ బక్‌వీట్, ఎరియోగోనమ్ న్యూడమ్. ఆకులన్నీ నేల మీదే, వాటి మధ్య నుంచి ఆకు లేని సన్నని కాడలు లేచి చివర చిన్న చిన్న పూల బంతులు. నర్సరీలో కుండీలో చూస్తే ఎవరూ కొనరు. నా తోటలో అయిదింటిని ఒక దగ్గర నాటాను. గాలి వీచినప్పుడు కాడలన్నీ కలిసి ఊగుతుంటే, నాకు జైగాంటియమ్ లేని లోటు తెలియలేదు. చివరికి అతనూ దాన్నే తీసుకున్నాడు, పక్కన ఒక రెడ్ బక్‌వీట్ కుండీతో.

ఏది ఎంచుకున్నా నాటే పద్ధతి ఒకటే. తొలివాన ముందో వెనకో, అక్టోబరు, నవంబరు నెలల్లో నాటండి. ఒక గ్యాలన్ కుండీలోని చిన్న మొక్క చాలు, పెద్ద మొక్క కంటే అదే త్వరగా వేరు పడుతుంది. ఎరువు వేయవద్దు, బలిసిన మొక్క తొందరగా పోతుంది. మొదటి వేసవి మాత్రం రెండు మూడు వారాలకొకసారి, చల్లని పూట, లోతుగా నీళ్లు ఇవ్వండి. రెండో వేసవి నుంచి చేతులు కట్టుకుని చూడటమే. మొక్క మొదలు చుట్టూ చెక్కపొట్టుకు బదులు గులకరాళ్లు పరిస్తే తడి నిలవదు.

కత్తిరింపు దగ్గర తొందరపడవద్దు. సెప్టెంబరులో పొద మొత్తం తుప్పు రంగుకు మారగానే చచ్చిపోయిందని కోసేసినవారిని చూశాను. అది గింజ కట్టే కాలం. చలికాలంలో చిన్న పిట్టలు వచ్చి ఆ గుత్తుల మీద వాలతాయి. వసంతానికి ముందు, ఆకులున్నంత మేర మాత్రమే పైపైన కత్తిరించండి. ముదురు కట్టె దాకా కోస్తే కాలిఫోర్నియా బక్‌వీట్ మళ్లీ చిగురించడం అరుదు.