జఠర శ్లేష్మంలో రెండు మ్యూసిన్లు: ఎంయూసీ5ఏసీ, ఎంయూసీ6

జఠర రసపు పీహెచ్ 1, 2 వరకు పడిపోయినా జీర్ణాశయం తన గోడను తానే అరిగించుకోకపోవడానికి, ఆమ్లాన్ని తటస్థం చేసే బైకార్బనేటును పట్టి ఉంచే శ్లేష్మపు పొర ఒక ముఖ్య కారణం. ఆ పొరకు జిగటను ఇచ్చేవి ప్రధానంగా ఎంయూసీ5ఏసీ, ఎంయూసీ6 అనే రెండు మ్యూసిన్లే, అంటే చక్కెర గొలుసులు అతుక్కున్న ప్రోటీన్లే. ఎంయూసీ5ఏసీని ఉపరితల కణాలు స్రవిస్తే, ఎంయూసీ6 లోతున ఉన్న గ్రంథుల కణాల నుంచి వస్తుంది.

రెండింటి జన్యువులూ 11వ క్రోమోజోము మీద ఒకే గుంపులో ఉన్నాయి. రెండింటిలోనూ సెరీన్, థ్రియోనీన్ అనే అమైనో ఆమ్లాలకు చక్కెర గొలుసులు, సీసాలు తోమే బ్రష్షు కుచ్చులంత దట్టంగా అతుక్కుని ఉంటాయి. ప్రోటీన్లను అరిగించే పెప్సిన్ అనే ఎంజైము లోపలి ప్రోటీనును సులభంగా తెంచలేకపోవడం అందువల్లనే. అయితే పదే పదే వచ్చే వరుస ఎంయూసీ5ఏసీలో 8 అమైనో ఆమ్లాలదైతే, ఎంయూసీ6లో 169 అమైనో ఆమ్లాలది.

నా దృష్టిలో అసలైన తేడా ఆ చక్కెర గొలుసుల కొసల్లో ఉంది. ఎంయూసీ5ఏసీ మీద చాలామందిలో లూయిస్-బి అనే చక్కెర నిర్మాణం ఉంటుంది. జీర్ణాశయంలో పుండ్లు కలిగించే హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా తన బాబ్-ఏ ప్రోటీనుతో పట్టుకునేది సరిగ్గా దానినే. ఎంయూసీ6 గొలుసుల చివర మాత్రం ఆల్ఫా-1,4 బంధంతో ఎన్-ఎసిటైల్ గ్లూకోసమైన్ అనే చక్కెర ఉంటుంది. ఇది ఆ బ్యాక్టీరియా కణకవచానికి అవసరమైన కొలెస్టరాల్ గ్లూకోసైడు తయారీని అడ్డుకుంటుందని 2004లో జపాన్ పరిశోధకులు చూపారు. ఈ బ్యాక్టీరియా ఉపరితల శ్లేష్మంలో విరివిగా కనిపించి, గ్రంథుల లోతుల్లో అరుదుగా ఉండటానికి ఇదొక బలమైన వివరణ. ఒకే శ్లేష్మంలో ఒక ప్రోటీను సూక్ష్మజీవికి పట్టు ఇస్తుండగా, మరొకటి దాని పెరుగుదలనే ఆపడం నిజంగా అబ్బురమనిపిస్తుంది.