కియోస్కులో కార్డు గీకితే తెలిసేది పేరే

విమానాశ్రయంలోని సెల్ఫ్ చెక్-ఇన్ కియోస్కు మీద నా కోపమంతా ఒక్క వాక్యం మీదే: "మీ బుకింగ్ దొరకలేదు". ఎందుకు దొరకలేదో ఆ తెర చచ్చినా చెప్పదు. మనల్ని గుర్తుపట్టడానికి కొన్ని కియోస్కులు అడిగే బ్యాంకు కార్డును తిరగేసి మరగేసి నాలుగుసార్లు గీకేలోపు వెనక లైన్లో నిట్టూర్పులు మొదలవుతాయి. పక్కనున్న ఇంట్లోవాళ్లు "కౌంటర్‌కే వెళ్దామంటే విన్నావా" అన్నట్టు చూస్తారు. తప్పు చాలాసార్లు గీకిన చేతిది కాదు, కార్డులో ఉన్న పేరుది.

టికెట్ కొన్న కార్డే పెట్టాలని చాలామంది అనుకుంటారు. కొన్ని ఎయిర్‌లైన్స్ నిజంగానే కార్డు నంబరును బుకింగ్‌లోని చెల్లింపు వివరాలతో పోల్చి చూస్తాయి. కానీ పేరు మాత్రమే చూసే కియోస్కులో మీ పేరున్న ఏ కార్డయినా ఒకటే. "బుకింగ్‌కు వాడిన కార్డు" అని తెర మీద కనిపిస్తే నంబరు చూస్తున్నట్టు, "మీ పేరున్న కార్డు" అని ఉంటే పేరు చూస్తున్నట్టు. ఈ రెండు ముక్కల తేడా ఎవరూ చదవరు.

పేరు దొరికేది కార్డు వెనకున్న నల్ల పట్టీలో. అందులోని మొదటి ట్రాక్‌లో, అంటే సమాచారం రాసి ఉండే మొదటి వరుసలో, 79 అక్షరాలు పడతాయి. ముందు కార్డు నంబరు, తర్వాత పేరు, ఆపైన గడువు తేదీ. పేరుకు ఉన్న చోటు 26 అక్షరాలే. మామూలుగా ఇంటిపేరు ముందు, గీటు పెట్టి అసలు పేరు వెనక ఉంటాయి. రెండో ట్రాక్ బ్యాంకులది, 40 గుర్తులు, దాదాపు అన్నీ అంకెలే, పేరుండదు. మొదటి ట్రాక్‌ను రూపొందించింది విమానయాన సంస్థల సంఘం ఐఏటీఏ. అందుకే అందులో అక్షరాలకు చోటు దక్కింది. కియోస్కు ఆ పేరును తీసుకుని, అప్పుడు చెక్-ఇన్ తెరిచి ఉన్న విమానాల ప్రయాణికుల జాబితాలో వెతుకుతుంది. ఒక్కరే తగిలితే బుకింగ్ తెరుస్తుంది. అదే పేరు ఇద్దరికుంటే ఎక్కడికి వెళ్తున్నారనో, ఫ్లైట్ నంబరెంతనో, పీఎన్ఆర్ ఏమిటనో అడుగుతుంది.

ఖర్చు సున్నా. గుర్తుపట్టడానికి చదివిన కార్డు బ్యాంకు దాకా పోదు. అదనపు సామానుకో, సీటుకో డబ్బు కట్టాల్సి వస్తే కార్డు మళ్లీ విడిగా అడుగుతుంది. పలు ఎయిర్‌లైన్స్ కలిసి వాడుకునే కియోస్కుల్లో, గుర్తింపు కోసం చదివిన నంబరులో చాలా అంకెలను కప్పేసి అందించే ఏర్పాటు కూడా ఉంది.

ఇక బెడిసికొట్టేవి. కార్డులో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా, టికెట్‌లో పూర్తిగా ఉంటే కలవవు. పొడవాటి పేరైతే 26 దగ్గర తెగిపోతుంది. గిఫ్ట్ కార్డులో మీ పేరే ఉండదు, కంపెనీ కార్డులోనూ ఒక్కోసారి అంతే. కార్డును తాకించి చూద్దామనుకుంటారా? తాకించినప్పుడు చాలా కార్డులు పేరు బయటపెట్టవు. ఫోన్ వాలెట్ అయితే అసలు నంబరుకు బదులు వేరే నంబరు ఇస్తుంది, కాబట్టి పేరూ కలవదు, నంబరూ కలవదు. కార్డును లోపలికి తోసి లాగే రీడర్ అయితే చివరిదాకా తోసి, ఒకే ఊపున వెనక్కి లాగండి. మధ్యలో చెయ్యి ఆగితే చదవడం చెడుతుంది. పట్టీ ఏ వైపు ఉండాలో పక్కనే బొమ్మ ఉంటుంది.

ఈ పద్ధతి ఎల్లకాలం ఉండేదీ కాదు. 2029 నుంచి తన కొత్త క్రెడిట్, డెబిట్ కార్డుల మీద ఆ పట్టీ ఉండదని, 2033 నాటికి పూర్తిగా పోతుందని మాస్టర్‌కార్డ్ 2021లోనే చెప్పింది. చిప్‌లోనూ పేరుకు చోటుంది, కానీ చిప్ చదివే రీడర్ ఆ కియోస్కులో ఉండాలి కదా.

ఇంత తిట్టినా కార్డు గెలిచే సందర్భం ఒకటుంది. ట్రావెల్ సైట్‌లో కొన్న టికెట్‌కు ఆ సైట్ ఇచ్చే నంబరు వేరు, ఎయిర్‌లైన్ పీఎన్ఆర్ వేరు కావచ్చు. మొదటిది ఎన్నిసార్లు కొట్టినా కియోస్కు ఒప్పుకోదు. పేరుతో వెతికితే మాత్రం పట్టేస్తుంది.

మిగతా వేళల్లో ఆరు అక్షరాల పీఎన్ఆర్, ఇంటిపేరు కొట్టడమే నయం. అది చేతిలో లేకపోతే 13 అంకెల ఈ-టికెట్ నంబరు, అందులో మొదటి మూడు అంకెలు ఎయిర్‌లైన్ కోడ్. విదేశీ ప్రయాణానికి కార్డు జోలికే పోవద్దు, పాస్‌పోర్టు ఎలాగూ చూపించాలి. కవరు తీసేసి, ఫోటో పేజీ అడుగున 44 గుర్తుల చొప్పున ఉన్న రెండు వరుసలూ రీడర్‌కు ఆనేలా పెట్టండి.

కుటుంబమంతా ఒకే పీఎన్ఆర్‌లో ఉంటే ఒకరి కార్డు చాలు, అందరి పేర్లూ తెర మీద వస్తాయి. వెళ్తున్నవాళ్ల పేర్లన్నీ ఎంచుకోవడం మరవద్దు. టికెట్లు విడివిడిగా కొనుంటే ఎవరి కార్డు వాళ్లే గీకాలి. రెండుసార్లు గీకినా దొరక్కపోతే మూడోసారి వద్దు. కార్డు జేబులో పెట్టుకుని పీఎన్ఆర్ కొట్టండి.