టోకాయ్ లవ్ రాక్, ఫెండర్ జపాన్ స్ట్రాట్: ఏళ్ల తరబడి వాయించాక

నా దగ్గర రెండు జపాన్ ఎలక్ట్రిక్ గిటార్లున్నాయి. ఒకటి 1980ల నడుమ తయారైన ఫెండర్ జపాన్ స్ట్రాట్ (స్ట్రాటోకాస్టర్), 1962 నాటి అమెరికన్ మోడల్‌కి నకలు. సీరియల్ నంబరు 'ఇ'తో మొదలవుతుంది. రెండోది టోకాయ్ లవ్ రాక్, అంటే గిబ్సన్ లెస్ పాల్ నకలు. టోక్యోలో ఉద్యోగం చేసే రోజుల్లో, వీధి పొడవునా గిటార్ షాపులుండే ఒచనోమిజులో రెండూ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. పదేళ్లు దాటింది. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక లైట్ మ్యూజిక్ ట్రూప్‌తో పెళ్లిళ్లకీ, కాలేజీ ఫంక్షన్లకీ ఈ రెండే తీసుకెళ్తాను. అందుకని ఇది పెట్టె విప్పిన వారానికి రాసే సమీక్ష కాదు. చెమట, దుమ్ము, వ్యాన్‌లో కుదుపులు అన్నీ తిన్న గిటార్ల గురించి రాస్తున్నాను.

నా తీర్పు ముందే చెప్పేస్తాను. చెక్కపనిలో ఇవి తమ ధరకి చాలా పైమెట్టులో ఉంటాయి. వైరింగ్, పాట్లు (వాల్యూమ్, టోన్ తిప్పే భాగాలు), స్విచ్‌ల దగ్గరికొచ్చేసరికి ఎంత ధర పెట్టామో అంతే.

ఎందుకిలా అన్నది చరిత్ర తెలిస్తే అర్థమవుతుంది. 1965లో అమెరికా టీవీ సంస్థ సీబీఎస్ చేతికి వెళ్లాక ఫెండర్, నార్లిన్ అనే కంపెనీ చేతికి వెళ్లాక గిబ్సన్, 1970లలో తమ పాత డిజైన్లనే మార్చుకుంటూ పోయాయి. జనం మాత్రం 1950ల నాటి గిటార్లనే వెతుక్కునేవాళ్లు. జపాన్ వాళ్లు ఆ పాతవాటిని విప్పి, కొలిచి, అలాగే చేయడం మొదలుపెట్టారు. టోకాయ్ ఉన్న హమామత్సు యమహా, కవాయ్‌లకి కూడా సొంతూరు, పియానోలు చేసే ఊరు. గ్రెకో, ఐబనీజ్ గిటార్లు చేసిన ఫుజిగెన్ నాగానో ప్రాంతంలోని మత్సుమోతోలో ఉంది. చెక్క ఆరబెట్టడం, కోయడం, అతికించడం వాళ్లకి కొత్తగా నేర్చుకోవాల్సిన పని కాదు. 1982లో ఫెండర్ తానే యమానో గక్కి, కండా షోకాయ్ అనే జపాన్ కంపెనీలతో కలిసి ఫెండర్ జపాన్ పెట్టి, తయారీ పని ఫుజిగెన్‌కి అప్పగించింది. 1985లో సీబీఎస్ ఫెండర్‌ని అమ్మేసినప్పుడు అమెరికా ఫ్యాక్టరీ ఆ బేరంలో లేదు. దాంతో కొంతకాలం ఫెండర్ అమ్మిన గిటార్లలో ఎక్కువ భాగం జపాన్‌వే. నా స్ట్రాట్ ఆ రోజులదే కాబట్టి దాన్ని నకలు అనాలా, అసలు అనాలా అన్నది నాకు పెద్ద విషయం కాదు.

కొనేవాళ్లకి పనికొచ్చే విషయం ఒకటుంది. ఆ కాలపు జపాన్ మోడల్ నంబర్లలో ధర దాగి ఉంటుంది. టోకాయ్ ఎస్‌టీ-50 అంటే కొత్తగా ఉన్నప్పుడు 50,000 యెన్లు, ఎల్ఎస్-80 అంటే 80,000. ఫెండర్ జపాన్ ఎస్‌టీ62-115 అంటే 1,15,000. నంబరు పెరిగేకొద్దీ మంచి చెక్క, మంచి పికప్‌లు (తీగ కదలికని కరెంటుగా మార్చే అయస్కాంత భాగాలు), పైమెట్టులో పల్చటి లాకర్ ఫినిష్ (పైపూత) వచ్చేవి. కింది మెట్టులో పాలియెస్టర్ ఫినిష్, చాలా ఫెండర్ జపాన్‌లకి బాస్‌వుడ్ బాడీ. నావి రెండూ కింది మెట్టుకి కాస్త పైన ఉండేవే. "పాత జపాన్ గిటార్ అంటే అన్నీ బంగారమే" అని ఎవరైనా అంటే ముందు నంబరు అడగండి.

ఇక నెక్, అంటే గిటార్ మెడ. ఈ గిటార్లని ఇన్నేళ్లు వదల్లేకపోవడానికి కారణం ఇదే. స్ట్రాట్ నెక్ బాడీలో కూర్చునే గుంటలో పల్చటి కాగితం కూడా దూరదు. నాలుగు స్క్రూలు తీసినా నెక్ ఊడి చేతికి రాదు, కాస్త కదిపి లాగాలి. ఫ్రెట్ల (నెక్ మీది లోహపు పట్టీల) చివర్లు ఇప్పటికీ అరచేతికి తగలవు. లవ్ రాక్‌లో నెక్ అతుకు దగ్గర జిగురు గీత గోరుకి అందదు. నెక్ అంచున బైండింగ్ (ప్లాస్టిక్ పట్టీ) ఎక్కడా లేవలేదు. టోక్యో చలికాలంలో హీటర్ వేసిన గదిలో గాలి ఎంత పొడిగా ఉంటుందో, వానాకాలంలో విశాఖ బీచ్ దగ్గర ప్రోగ్రామ్ చేస్తే ఎంత తేమ ఉంటుందో చెప్పక్కర్లేదు. రెండిట్లోనూ నెక్ కాస్త వంగుతుంది, ఏ నెక్ అయినా వంగుతుంది. కానీ మెలిక తిరగలేదు. ట్రస్ రాడ్ (నెక్ వంపు సరిచేసే లోపలి కడ్డీ) ఒక పావు తిప్పితే మళ్లీ దారికొస్తుంది.

ఆ పావు తిప్పడంలోనే ఉంది అసలు తలనొప్పి. 1962 నమూనాని తు.చ. తప్పకుండా తీసుకున్నారు కదా, ట్రస్ రాడ్ నట్టు కూడా అప్పటిలాగే నెక్ అడుగున పెట్టారు. తీగలు వదులు చేసి, నెక్ విప్పి, తిప్పి, మళ్లీ బిగించి చూడాలి. సరిపోకపోతే మళ్లీ మొదటికి. ఏప్రిల్‌లో ఒకసారి, వానలు మొదలయ్యాక ఒకసారి నాకు ఈ పని తప్పదు. లవ్ రాక్‌లో నట్టు హెడ్‌స్టాక్ (తీగలు బిగించే తల) మూత కిందే ఉంటుంది, రెండు నిమిషాల పని.

నమూనాకి మరీ కట్టుబడటం వల్ల వచ్చిన ఇంకో ఇబ్బంది ఫ్రెట్‌బోర్డ్ గుండ్రటితనం. వ్యాసార్థం 7.25 అంగుళాలు, సుమారు 184 మిల్లీమీటర్లు. కార్డ్స్ పట్టుకోవడానికి ఇంతకంటే హాయి ఉండదు. కానీ మన పాటల్లో గమకం కోసం పైస్థాయిలో తీగని బాగా లాగితే, ఆ వంపు మీద అది ముందున్న ఫ్రెట్‌కి తగిలి శబ్దం చచ్చిపోతుంది. యాక్షన్ (తీగల ఎత్తు) కాస్త పైకి లేపుకుని వాయిస్తున్నాను. రాగం ఎక్కువగా పలికించాల్సిన పాటలకి లవ్ రాక్ తీస్తాను. దాని బోర్డు చదునుగా ఉంటుంది, స్కేల్ (తీగ మోగే పొడవు) కూడా 628 మిల్లీమీటర్లే. స్ట్రాట్‌ది 648. అందుకే లవ్ రాక్‌లో తీగ మెత్తగా వంగుతుంది. రెండిటి ఫ్రెట్‌బోర్డూ రోజ్‌వుడ్, అంటే మన ఇరుగుడు. గిటార్ల మీదికి వెళ్లే ఇండియన్ రోజ్‌వుడ్ మన దక్షిణాది అడవుల చెట్టే.

ఫినిష్ గురించి తగువులు చాలానే విన్నాను. పల్చటి లాకర్ ఉంటేనే చెక్క మోగుతుందని ఒక వర్గం గట్టిగా నమ్ముతుంది. నావి రెండూ మందపాటి పాలియెస్టర్. మోగుతున్నాయి. పైగా మన ఎండలకి లాకర్ పగుళ్లిస్తుంది, స్టాండ్ రబ్బరుకి కరిగి అంటుకుంటుంది. పాలియెస్టర్‌కి ఆ భయం లేదు. దెబ్బ తగిలితే మాత్రం గాజు పెచ్చులా లేస్తుంది, కింద చెక్క కనబడుతుంది. బాస్‌వుడ్ మెత్తటిది కూడా. స్ట్రాప్ బటన్ స్క్రూ పదే పదే విప్పితే రంధ్రం వదులవుతుంది. అగ్గిపుల్లలు ఫెవికాల్‌లో ముంచి దూర్చి, ఆరాక మళ్లీ బిగించాను. ఇప్పటికీ కదల్లేదు.

వైరింగ్ దగ్గర ఓపిక కావాలి. ఆ ధర మోడళ్లలో అప్పట్లో చిన్న సైజు పాట్లు, సన్నటి వైర్లు వేసేవారు. ముప్పై నలభై ఏళ్లయ్యాక వాల్యూమ్ తిప్పితే గరగరమంటుంది. కాంటాక్ట్ క్లీనర్ కొడితే కొన్నాళ్లు నడుస్తుంది. ఆ తర్వాత మార్చాల్సిందే. అక్కడే మొదలవుతుంది అంగుళాలకీ మిల్లీమీటర్లకీ గొడవ. జపాన్ చిన్న పాట్ మెడ సాధారణంగా 7 లేదా 8 మిల్లీమీటర్లు, అమెరికన్ పెద్ద పాట్‌ది 9.5. స్ట్రాట్‌లో ప్లాస్టిక్ పిక్‌గార్డ్‌కి రంధ్రం పెద్దది చేస్తే సరిపోతుంది. లవ్ రాక్‌లో చెక్కకే డ్రిల్ పెట్టాలి, పని తెలిసినవాళ్ల చేతే చేయించండి. పాత నాబ్‌లు కొత్త పాట్‌కి పట్టవు, పళ్ల లెక్క వేరు. స్ట్రాట్ ట్రెమోలో ఆర్మ్ (స్వరం ఊపే కడ్డీ) మర కూడా మెట్రిక్, అమెరికన్ ఆర్మ్ బలవంతంగా తిప్పితే బ్లాక్ పాడవుతుంది. బ్రిడ్జ్ సాడిల్స్ (తీగలు ఆనే ముక్కలు) మధ్య దూరం కూడా తేడా ఉండొచ్చు. ఏ విడిభాగమైనా స్కేల్‌తో కొలవకుండా ఆర్డర్ పెట్టొద్దు.

సౌండ్ సంగతికి వస్తే, లవ్ రాక్ నా చేతికొచ్చేసరికే పాత యజమాని పికప్‌లు మార్చేసి, అసలువి ఒక కవర్లో పెట్టి ఉంచాడు. నేను అసలువే తిరిగి పెట్టించాను. కాస్త మెత్తగా, గొంతు విప్పి పాడినట్టుండే హంబకర్లు (రెండు చుట్టల పికప్‌లు). డిస్టార్షన్ ఎక్కువ పెడితే బురదగా మారతాయి. తక్కువ పెట్టి, వాల్యూమ్ ఏడు దగ్గర ఉంచితే ఒక్కో తీగా విడిగా వినబడుతుంది. నోటు చాలాసేపు నిలుస్తుంది. బరువు నాలుగు కిలోలు దాటుతుంది, రిసెప్షన్ మూడు గంటలు సాగితే భుజం ఆ సంగతి చెబుతుంది.

స్ట్రాట్‌లో నెక్ పికప్ అందం. స్విచ్ రెండో, నాలుగో స్థానాల్లో ఆ గలగల ఉంటుంది. బ్రిడ్జ్ పికప్ ఒంటరిగా సన్నగా, గుచ్చుకునేలా ఉంటుంది, అయితే పాత అమెరికన్ స్ట్రాట్‌లోనూ అది అంతే. మిత్రుడి అమెరికన్ రీఇష్యూతో (పాత మోడల్ మళ్లీ చేసినది) ఒకే ఆంప్‌లో మార్చి మార్చి విన్నాం. ఎదురుగా కూర్చున్నవాళ్లకి తేడా తెలియలేదు. వాయించేవాడికి తెలుస్తుంది. వాల్యూమ్ తగ్గించినప్పుడు అమెరికన్‌ది వెలుగు పోగొట్టుకోదు, నాది కాస్త మూసుకుపోయేది. పాట్లు, కెపాసిటర్ మార్చాక ఆ తేడాలో సగానికి పైగా పోయింది. పికప్‌ల ఎత్తు సరిచేశాక మిగిలింది చాలా తక్కువ. పికప్‌లు మార్చడానికి వేలు ఖర్చు పెట్టేముందు ఒక స్క్రూడ్రైవర్‌తో ఎత్తు మార్చి చూడండి. బాస్‌వుడ్ కాబట్టి సౌండ్ చప్పగా ఉంటుందన్న మాట నా గిటార్ విషయంలో నిజం కాలేదు.

స్టేజీ మీద సింగిల్ కాయిల్ (ఒకే చుట్ట పికప్) హమ్ గొడవ జపాన్ గిటార్లదే కాదు. కానీ జనరేటర్ పవర్, వెనక ఎల్ఈడీ గోడ, సరిగా లేని ఎర్తింగ్ కలిస్తే స్ట్రాట్ తేనెతుట్టె కదిపినట్టు మోగుతుంది. లోపల రాగి టేపు వేయించాక తగ్గింది, పోలేదు. అలాంటి చోట లవ్ రాక్ ఒక్కటే తీసుకెళ్తాను.

సెకండ్ హ్యాండ్ మార్కెట్లో "లాసూట్ మోడల్" (కోర్టు కేసుకెక్కిన మోడల్) అని ధర పెంచి అమ్మడం బాగా పెరిగింది. 1977లో గిబ్సన్ యజమాని నార్లిన్ కేసు వేసింది ఐబనీజ్ గిటార్లు అమెరికాలో అమ్మే ఎల్గర్ మీద, అదీ హెడ్‌స్టాక్ ఆకారం గురించి. అప్పటికే ఐబనీజ్ ఆ ఆకారం మార్చేసింది, గొడవ రాజీతో ముగిసింది. టోకాయ్, గ్రెకోలు ఆ కేసులో లేవు. 1980లలో చేసిన గిటార్‌కి ఆ పేరు తగిలిస్తే ఎక్కువ ఇవ్వాల్సిన అవసరం లేదు. 1990ల చివర వచ్చిన "క్రాఫ్టెడ్ ఇన్ జపాన్" ఫెండర్లు వాయించి చూశాను, చెక్కపనిలో వెనకబడలేదు, ధర మాత్రం తక్కువ. గిబ్సన్ వైపు వెళ్లేవాళ్లు 1988 నుంచి పదేళ్లపాటు జపాన్‌లో వచ్చిన ఆర్విల్ బ్రాండ్ చూడొచ్చు. "ఆర్విల్ బై గిబ్సన్" అని ఉన్నవాటిలో పికప్‌లు గిబ్సన్‌వే, కాబట్టి పైన చెప్పిన ఖర్చులో కొంత మిగులుతుంది.

జపాన్ షాపులు ఫ్రెట్ ఎంత మిగిలి ఉందో కూడా శాతంలో రాస్తాయి. ఆ అంకె తప్పకుండా చూడండి, ఫ్రెట్లు మార్పించే ఖర్చు తక్కువేం కాదు. ట్రస్ రాడ్‌లో ఇంకా తిప్పే చోటు ఉందా అని అడగండి. రంగు వెలిసిందా, గీతలున్నాయా అన్నది వదిలేయండి.

నా స్ట్రాట్ ఫ్రెట్లు ఇప్పుడు దాదాపు అరిగిపోయాయి. ఈ వేసవి ప్రోగ్రాములు అయ్యాక మార్పిస్తాను. ఈసారి అసలు సన్నవి కాకుండా కాస్త ఎత్తువి వేయించి, బోర్డుని కూడా కొంచెం చదును చేయించాలని ఉంది. మిత్రుడు పాత గిటార్ విలువ పడిపోతుందంటున్నాడు. అమ్మే ఉద్దేశం లేదు కాబట్టి చేయించేస్తాను.