జనన ధ్రువపత్రం లేనివారికి: ఆలస్యపు నమోదా, అఫిడవిట్లా?

అమెరికా పౌరసత్వానికి ముందు మెట్టు గ్రీన్ కార్డు. అక్కడే జనన ధ్రువపత్రం అడుగుతారు. పల్లెలో మంత్రసాని చేతుల మీద పుట్టిన మన పెద్దల్లో చాలామందికి ఆ కాగితమే లేదు. దారులు రెండు: ఇప్పుడు జననం నమోదు చేయించుకోవడం, లేదా నమోదు లేదని రాయించుకుని వేరే ఆధారాలు చూపడం.

శ్రమ: ఏడాది దాటిన నమోదుకు మెజిస్ట్రేట్ స్థాయి అధికారి ఉత్తర్వు కావాలి. మన దగ్గర సాధారణంగా ఆర్డీవో. విచారణ జరుగుతుంది, సమయం పడుతుంది. రెండో దారిలో నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ (జననం నమోదు కాలేదని ఇచ్చే పత్రం), బడి రికార్డు, అవసరమైతే ఇద్దరి అఫిడవిట్లు (ప్రమాణ పత్రాలు).

ఖర్చు: రెండింటిలోనూ రుసుము కన్నా తిరుగుడే భారం.

రిస్కు: అసలు జాగ్రత్త ఇక్కడే. పుట్టిన దశాబ్దాల తర్వాత నమోదైన పత్రాన్ని ఒక్కదాన్నే చూసి అమెరికా అధికారులు తృప్తిపడకపోవచ్చు; పాత రికార్డు అడుగుతారు. అఫిడవిట్ కూడా ‘ఫలానావారు నాకు తెలుసు’ అంటే నిలవదు. పుట్టిన తేదీ, ఊరు, తల్లిదండ్రుల పేర్లు, ఆ సంగతి తనకు స్వయంగా ఎలా తెలుసో రాయాలి. పదో తరగతి మెమోలో ‘కె. వెంకటేశ్వర్లు’, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు ఉంటే ఆ తేడాకూ వివరణ జతచేయండి.

సమయం ఉండి, ఊళ్లో తిరిగే మనిషి ఉంటే నమోదు చేయించండి, పాత మెమో కూడా జతపరచండి. గడువు ముంచుకొస్తుంటే, పుట్టుక ఎరిగిన మేనత్తో పెదనాన్నో బతికుంటే రెండో దారే మేలు. వారి వాంగ్మూలం మాత్రం ఈ వారమే రాయించండి.