ఈఎస్‌ఐ ప్రమాద పరిహారం: పథకం మంచిదే, పేచీ అంతా ఫారం 12 దగ్గర

నెలజీతం 21,000 రూపాయలు దాటని కార్మికుడికి పనిలో దెబ్బ తగిలితే ఉద్యోగుల రాజ్య బీమా (ఈఎస్‌ఐ) కింద అందే పరిహారానికి ఐదుకు నాలుగు మార్కులు వేయొచ్చు. దాన్ని కదిలించాల్సిన యాజమాన్యాల తీరుకు మాత్రం ఒకటిన్నర కూడా ఎక్కువే.

పని ప్రమాదానికి ఇన్ని రోజులు చందా కట్టి ఉండాలన్న షరతు లేదు. చేరిన రోజే వేలు నలిగినా వర్తిస్తుంది. ప్రమాదం జరిగిన రోజు కాక కనీసం 3 రోజులు పనికి పోలేకపోతే చాలు, ఫిట్ సర్టిఫికెట్ ఇచ్చేదాకా సగటు రోజు కూలిలో 90 శాతం బ్యాంకు ఖాతాలో పడుతుంది.

ఇందుకు యజమాని తన లాగిన్ నుంచి ఫారం 12, అంటే ప్రమాద నివేదిక, వెంటనే పంపాలి. ఇన్‌స్పెక్టర్ వచ్చి మెషీన్ గార్డు (చెయ్యి లోపలికి పోకుండా ఉండే రక్షణ కవచం) ఏదని అడుగుతాడన్న భయంతో చాలాచోట్ల దాన్ని ఎగ్గొట్టి, మామూలు జబ్బు సెలవులో కలిపేస్తారు. అప్పుడు వచ్చేది 70 శాతమే, అదీ ఏడాదికి 91 రోజులకు మించదు. కూలి 600 అయితే రోజుకు 540 రావాల్సిన చోట 420 వస్తుంది. 40 రోజులకు 4,800 గండి.

అసలు దెబ్బ తర్వాత తెలుస్తుంది. పని ప్రమాదంగా నమోదు కాని గాయాన్ని, శాశ్వత నష్టం ఎంతో తేల్చే మెడికల్ బోర్డు ముందుకు తీసుకెళ్ళడం గగనం. చేతి బొటనవేలు పూర్తిగా పోతే సంపాదన శక్తిలో 30 శాతం నష్టమని చట్టం షెడ్యూల్‌లోనే ఉంది. అదే 600 కూలి మీద, 540లో 30 శాతం లెక్కన రోజుకు 162 రూపాయలు, బతికున్నన్నాళ్ళూ. ‘ఆస్పత్రి బిల్లు మేం కడతాంలే, ఫారాలెందుకు’ అనే సూపర్‌వైజర్ ఈ లెక్క చెప్పడు.

యాక్సిడెంట్ రిజిస్టర్‌లో రాసే రెండు లైన్లూ ముఖ్యమే. ‘చెయ్యి నలిగింది’ అని రాస్తే ఎంక్వైరీకి పనికిరాదు. ‘మధ్యాహ్నం 3.20, బి షిఫ్ట్, పవర్ ప్రెస్‌లో ఇరుక్కున్న ముక్క తీస్తుండగా కుడి బొటనవేలు నలిగింది’ అని రాసి, పక్క మెషీన్ మీద ఉన్నవాళ్ళ పేర్లు సాక్షులుగా వేయాలి.

దెబ్బ తగిలాక అదే సాయంత్రం ఇన్సూరెన్స్ నంబరు తీసే బాపతు యజమానులూ ఉన్నారు. ఈఎస్‌ఐ బ్రాంచి ఆఫీసు తేదీలు చూసి పట్టేస్తుంది. హాజరు పట్టీ, జీతాల రిజిస్టర్ తెమ్మంటుంది, ఫైలు నెలలు నానుతుంది. యజమాని చందా కట్టలేదన్న కారణంతో కార్మికుడి హక్కు మాత్రం పోదు. ఆ సొమ్ము ఈఎస్‌ఐ కార్పొరేషన్ యజమాని దగ్గరే వసూలు చేసుకోవచ్చు.

డ్యూటీకి వస్తూపోతూ దారిలో జరిగే ప్రమాదాలు 2010 సవరణతో లోపలికి వచ్చాయి. ‘గేటు బయటిది మాకు సంబంధం లేదు’ అన్న జవాబు ఇంకా వినిపిస్తూనే ఉంది. ఆ రోజు షిఫ్ట్ టైము, ప్రమాదం జరిగిన చోటు, ఎఫ్ఐఆర్ కాపీ పొందికగా ఉంటే కేసు నిలబడుతుంది.

ఫారం పంపనంటే కార్మికుడే రాతపూర్వకంగా బ్రాంచి మేనేజర్‌కు ఇచ్చి, నకలు మీద స్టాంపు వేయించుకోవాలి. డాక్టరు మొదటి చీటీలోనే ‘పనిలో తగిలిన దెబ్బ’ అని రాయించుకోవాలి, తర్వాత మార్పించడం చాలా కష్టం.