మూడేళ్లు వాడాక రెండు గిన్నెల స్టీలు క్యారేజీ గురించి

2022 ఆగస్టులో ఇంజనీరింగ్‌లో చేరడానికి బెంగళూరు వస్తుంటే అమ్మ అనంతపురంలో 480 రూపాయలకు కొనిచ్చింది. రెండు గిన్నెలు, పక్కన రెండు క్లిప్పులు, పైన పిడి. మొదటి మూడు నెలలు అది మంచం కిందే ఉండిపోయింది. మారతహళ్లిలో మా పీజీ హాస్టల్ వంట నాకు పడేది కాదు, రోజూ రాత్రి హోటల్ పార్సిలే.

దాన్ని బయటికి తీయించింది చెత్త ఆటోతో వచ్చే ఒక అక్క. పొద్దున్నే నేనిచ్చిన కవరులోంచి ముడేసిన సాంబారు పొట్లం తీసి, గోళ్లతో చించి, పులిసిన సాంబారు తడి చెత్తలో పోసి, కవరును వేరే సంచిలో పడేసింది. చేతులకు గ్లౌజులు లేవు. "ఇట్ల ముడేసి ఇస్తే ఎట్లమ్మా, అన్నీ మేమే ఇప్పాల" అంది, తెలుగులోనే. ఆ రాత్రి పార్సిల్ విప్పి లెక్కపెట్టాను. రెండిడ్లీ, వడకి ఒక డబ్బా, సాంబారు కవరు, చట్నీ కవరు, ప్లాస్టిక్ చెంచా, అన్నీ పెట్టిన పెద్ద కవరు. మొత్తం ఐదు. కర్ణాటకలో ప్లాస్టిక్ కవర్లను 2016లోనే నిషేధించారు. చెంచాలు 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధమే. అయినా అవన్నీ నా బల్ల మీదున్నాయి.

మర్నాటి నుంచి క్యారేజీ పట్టుకెళ్లడం మొదలుపెట్టాను. ఒక హోటల్‌లో ఒప్పుకోలేదు. పక్కనే ఉన్న దర్శిని అనే చిన్న టిఫిన్ హోటల్‌లో మాత్రం "డబ్బీ కొడి" (డబ్బా ఇవ్వండి) అని కన్నడలో అంటూ చెయ్యి చాపారు, డబ్బాకి వేసే పది రూపాయలు కూడా తీసుకోలేదు. ఇప్పుడు నన్ను చూడగానే గరిటె నిండా సాంబారు పోస్తారు. ఇడ్లీ, పొంగల్, పులావు చక్కగా ఉంటాయి, స్టీలుకి వాసన పట్టదు. దోసెకి మాత్రం ఇది పనికిరాదు, ఆవిరికి మెత్తబడిపోతుంది. దోసె తినాలనిపిస్తే అక్కడే కూర్చుని తిని వస్తాను.

ఏడాదిన్నరకి ఒక క్లిప్పు వదులైంది. బస్సులో కింది గిన్నెలోని సాంబారు కారి ల్యాబ్ రికార్డు మొత్తం తడిసింది, రెండు రాత్రులు కూర్చుని మళ్లీ రాశాను. క్లిప్పును కటింగ్ ప్లయర్‌తో బిగించాను కానీ నమ్మకం పోయింది. రబ్బరు రింగున్న చిన్న స్టీలు డబ్బా ఒకటి కొని, సాంబారు అందులో పోయిస్తున్నాను. ఆ రింగుకి మాత్రం వాసన పడుతుంది, వారానికోసారి తీసి ఎండలో పెట్టాలి.

అసలు కష్టం 2024 మార్చిలో వచ్చింది. బోర్లు ఎండిపోయి, పీజీలో నీళ్లు పొద్దున ఒక గంట, రాత్రి ఒక గంట. రోజూ గిన్నెలు తోమడం తప్పా అనిపించింది. అప్పుడు నాయనమ్మ చేసేది గుర్తొచ్చింది. చివరి ముద్దతో గిన్నె అంతా తుడిచి తినేస్తే తర్వాత ఒక్క మగ్గు నీళ్లు చాలు. ఇప్పటికీ అలాగే చేస్తున్నాను.

డెలివరీ యాప్‌లో తెప్పించుకున్న రోజు క్యారేజీతో పనే ఉండదు, డబ్బాలు వస్తూనే ఉంటాయి. అందుకే పరీక్షలప్పుడు తప్ప ఆర్డర్ పెట్టడం మానేశాను.

మెస్‌లోనే తినేవాళ్లకు ఇది అవసరం లేదు. బయట నుంచి తెచ్చుకునేవాళ్లు తప్పకుండా కొనండి. డబ్బు ఇచ్చేముందు షాపులోనే కింది గిన్నెలో నీళ్లు పోసి, క్లిప్పులు పెట్టి, ఒకసారి పక్కకి వంచి చూడండి.